మారికుప్పం నుంచి బెంగళూరుకు ఎన్ని గంటలు?

కేజీఎఫ్ నుంచి బెంగళూరు ఎంత దూరం అని చుట్టాలు అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తారు. పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే సుమారు 74 కిలోమీటర్లు. రైలుపట్టాల మీద అయితే మారికుప్పం నుంచి బంగారపేట దాకా 16, అక్కడినుంచి బెంగళూరు సిటీ దాకా 70, మొత్తం 86. రోడ్డు మీద, ఏ దారిన పోతారనేదాన్ని బట్టి, నూటికి అటూ ఇటూ. మా అవ్వను అడిగితే ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పదు. "తెల్లారకముందు పోతారు, చీకటి పడినాక వస్తారు" అంటుంది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఆ పనిలో ఎవరైనా ఒక టైము చెప్తే మేము మొదట అడిగే ప్రశ్న ఒకటే: గడియారం ఎక్కడ మొదలుపెట్టినారు, ఎక్కడ ఆపినారు? విమానం టికెట్టు మీద బెంగళూరు నుంచి చెన్నైకి గంట అని రాసి ఉంటుంది. దేవనహళ్ళి విమానాశ్రయం నుంచి మీనంబాక్కం దాకా నేరుగా గీత గీస్తే 268 కిలోమీటర్లు. ఆ గీత ఎక్కడెక్కడ పోతుందో చూడండి. కోలారు ఊరికి రెండు మూడు కిలోమీటర్ల ఉత్తరంగా, ముళబాగిలుకు అంతే దగ్గరగా పోతుంది. అంటే మా జిల్లా నెత్తిమీదనే. పైన పోయేవాళ్ళకు కోలారు జిల్లా పది పదిహేను నిమిషాల సంగతి. కింద ఉండే మాకు బెంగళూరు చేరేదానికి రెండు గంటలు, రెండున్నర గంటలు. ఈ తేడా ఎట్ల వచ్చింది, ఈ దారిని ఎవరెవరు, ఎప్పుడెప్పుడు, దేనికోసం కుదించినారు అని వెతికితే మా ఊరి చరిత్ర చాలావరకు దొరుకుతుంది.

పాతకాలంలో మైళ్ళు లేవు. తెలుగులో ఆమడ అనేవాళ్ళు. ఆమడంటే సుమారు ఎనిమిది మైళ్ళు. ఆ లెక్కన బెంగళూరు మాకు ఏడున్నర ఆమడ. బండి ఎద్దులు రోజుకు రెండు ఆమడలు లాగితే గొప్ప. అంటే మూడు నాలుగు రోజులు. దారి మాత్రం కొత్తది కాదు. ముళబాగిలు అనే పేరే ఆ దారి పేరు. కన్నడలో 'మూడల బాగిలు' అంటే తూర్పు వాకిలి. బడిలో కన్నడ చదివినవాళ్ళం కాబట్టి ఇది మాకు చిన్నప్పుడే తెలుసు. తెలుగు చుట్టాలకు చెప్తే మాత్రం 'అవునా' అని ఆశ్చర్యపోతారు. ఆ వాకిలి దాటితే నంగలి, పలమనేరు, చిత్తూరు, తిరుపతి. మైసూరు సీమకూ తెలుగు సీమకూ మధ్య రాకపోకలన్నీ ఇక్కడే. మా ముత్తాత వాళ్ళు పలమనేరు పక్కనుంచి వెంకటగిరికోట మీదుగా నడిచి వచ్చినారని ఇంట్లో చెప్పుకుంటారు. రెండు రోజుల నడక. కోటలో ఒక రాత్రి పడుకుని, తెల్లారి బేతమంగళం చెరువు కట్టమీదుగా వచ్చినారట.

వాళ్ళకంటే చాలా ముందు, 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే దొర కూడా మద్రాసు నుంచి బయలుదేరి, కనుమ ఎక్కి, వెంకటగిరికోట, బేతమంగళం మీదుగానే బెంగళూరుకు పోయినాడు. టిప్పు సుల్తాన్ చనిపోయి అప్పటికి ఒక్క ఏడాది. దారిలో ఏ పంట పండుతుంది, చెరువుల్లో నీళ్ళెంత, ఏ కులంవాళ్ళు ఏ పని చేస్తారు అని మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. నడకతో సమానంగా పోయేవాడికే అట్లాంటివి కనిపిస్తాయి.

ఇంకో రెండేళ్ళకు, 1802లో, లెఫ్టినెంట్ జాన్ వారెన్ మైసూరు తూర్పు గడి సర్వే చేసేదానికి వచ్చినాడు. ఇక్కడి పల్లెల్లో మట్టి కడిగి బంగారం తీస్తారని విని, తన కళ్ళముందే కడిగించి చూసినాడు. ఉరిగాం, మారికుప్పం పేర్లు ఇంగ్లీషు కాగితాల్లోకి అట్ల ఎక్కినాయి. ఆ కాగితం చాలా ఏళ్ళకు మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లవెల్ చేతికి దొరికింది. ఐర్లండ్ మనిషి, న్యూజిలాండ్‌లో సైన్యంలో పనిచేసి బెంగళూరు కంటోన్మెంటుకు వచ్చి ఉన్నవాడు. బెంగళూరు నుంచి ఎద్దులబండి కట్టుకుని ఈ వైపు వచ్చినాడని చెప్తారు. 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు, 1875లో గని తవ్వే హక్కు వచ్చింది. తవ్వేదానికి డబ్బు చాలక చేతులు మార్చినాడు. 1880లో లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్ళు దిగినారు. అక్కడినుంచి మా దూరం లెక్క మారిపోయింది.

రైలు అప్పటికే వచ్చి ఉంది, అయితే మాకోసం కాదు. మద్రాసు రైల్వే వాళ్ళు జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు 1864లో లైను తెరిచినారు. కంటోన్మెంటులో ఉండే పటాలాన్నీ సరుకునూ మద్రాసు రేవుతో కలపడం వాళ్ళ అవసరం. దారిలో ఒక స్టేషన్‌కు అప్పటి మైసూరు కమిషనర్ లూయిన్ బౌరింగ్ పేరు పెట్టి బౌరింగ్‌పేట అన్నారు. ఇప్పటి బంగారపేట అదే. బౌరింగ్ పోయి బంగారం వచ్చింది, పేరు కొంచెం సాగింది అంతే.

గనులు బౌరింగ్‌పేటకు పది మైళ్ళు. బాయిలర్లు, రాతిని పొడిచే స్టాంపులు, ఇనప సామాను అంతా ఇంగ్లండ్ నుంచి మద్రాసుకు ఓడలో వచ్చి, మద్రాసు నుంచి బౌరింగ్‌పేటకు రైల్లో వచ్చి, అక్కడ ఆగిపోయేది. తర్వాత ఎద్దులే గతి. ఏడు సముద్రాలు దాటిన బాయిలర్ ఆఖరి పది మైళ్ళ దగ్గర బురదలో కూరుకుపోయే పరిస్థితి. దాన్ని ఎక్కువ రోజులు భరించలేదు. 1894లో బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా రైలు పడింది. గమనించవలసినది ఏమంటే అది బ్రాడ్ గేజ్, మద్రాసు లైను ఏ వెడల్పో అదే వెడల్పు. వ్యాగన్‌లోని సామాను మధ్యలో దించకుండా గని వాకిలి దాకా రావాలి, బంగారం కడ్డీలు మధ్యలో దించకుండా బయటికి పోవాలి. రైలు ఎక్కిన బంగారం బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కి, సూయెజ్ కాలువ మీదుగా లండన్‌కు పోయేది.

జిల్లా ముఖ్య పట్టణం కోలారు సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కలెక్టరు కచేరీ, కోర్టు, కోలారమ్మ గుడి ఉండే ఊరు. గంగరాజుల కాలం నుంచి ఉండే ఊరు. దానికి రైలు వచ్చింది 1913లో, అంటే గనులకు వచ్చిన పందొమ్మిదేళ్ళకు. అదీ రెండున్నర అడుగుల న్యారో గేజ్. మా పెద్దవాళ్ళు దాన్ని తలుచుకుని నవ్వేవాళ్ళు. బండి దిగి, చింతచెట్టు కింద పనికానిచ్చుకుని, మళ్ళీ పరిగెత్తి అదే బండి ఎక్కవచ్చునట. కోలారు నుంచి చిక్కబళ్ళాపురం దాకా అది బ్రాడ్ గేజ్ అయ్యేసరికి 2013 వచ్చింది. గనుల పట్టాలు వెడల్పు, రైతుల పట్టాలు ఇరుకు. ఇందులో ఎవరి కుట్రా లేదు. డబ్బు ఎక్కడికి తొందరగా పోవాలో అక్కడికి పట్టాలు వెడల్పుగా పడినాయి.

కరెంటు కథ ఇంకా విచిత్రం. కావేరి మీద శివనసముద్రం దగ్గర నీళ్ళతో కరెంటు తీసి, 92 మైళ్ళు తీగల మీద మోసి, 1902 జూన్ 30న కేజీఎఫ్‌కు ఇచ్చినారు. అప్పటికి ప్రపంచంలోనే బాగా పొడవైన లైన్లలో అదొకటి. శివనసముద్రానికి మాకంటే బెంగళూరే దగ్గర. అయినా బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905 ఆగస్టులో. మూడేళ్ళు మేమే ముందు! ఈ మాట చెప్పేటప్పుడు మా చిన్నాయన ఇప్పటికీ మీసం సవరించుకుంటాడు. అయితే ఆ కరెంటు వచ్చింది గని యంత్రాలు తిప్పేదానికి. ఆవిరి యంత్రాలకు బొగ్గు, కట్టె కొనలేక, మోయలేక కంపెనీలు కరెంటు అడిగినాయి; మైసూరు ప్రభుత్వం అమ్మింది. పథకం నడిపించిన దివాన్ శేషాద్రి అయ్యర్ 1901లోనే పోయినారు, తీగలో కరెంటు పారింది ఆయన చూడలేదు. కూలీ లైన్లలో, అంటే తడికెలతో కట్టిన గుడిసె వరసల్లో, కిరసనాయిల్ బుడ్డీలే చాలా కాలం నడిచినాయని మా తాత చెప్పేవాడు. తొంభై రెండు మైళ్ళు వచ్చిన కరెంటు గని నుంచి గుడిసె దాకా అర మైలు రాలేకపోయింది.

ఇక మా ఊళ్ళో ఇంకో దూరం ఉంది, అది ఏ పటంలోనూ కనిపించదు. కిందికి పోయే దూరం. చాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్ల లోతు. అప్పట్లో లోకంలోని అతి లోతైన గనుల్లో అదొకటి. ఒకే కేజ్‌లో ఎక్కి అడుగుదాకా జారిపోవడం కాదు. ఒక షాఫ్టులో దిగి, సొరంగంలో నడిచి, ఇంకో షాఫ్టులో ఇంకో కేజ్ ఎక్కాలి. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. ఎప్పుడు ఏ రాయి పేలుతుందో తెలియదు. దాన్ని రాక్ బరస్ట్ అంటారు, మా ఊళ్ళో చదువురాని అవ్వలకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట అది. రాత్రిపూట నేల అదిరి గిన్నెలు కదిలితే, ఇంట్లో మగవాడు నైట్ షిఫ్టులో ఉంటే, ఆ ఇంట్లో ఇక నిద్ర ఉండదు. మా తాత పని చోటు చేరేదానికే గంట పట్టేదని చెప్పేవాడు. ఇంటి నుంచి నిలువునా మూడు కిలోమీటర్లు, ఒక గంట. విమానం అంతకు మూడింతలు పైకి ఎక్కేదానికి ఇరవై నిమిషాలో, అరగంటో.

ఒక పక్క మాట. అంత లోతుకు పైనుంచి వచ్చే కిరణాలు చేరవు కాబట్టి బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండ్ వాళ్ళతో కలిసి ఇక్కడ పరికరాలు పెట్టినారు. ఆకాశంలో పుట్టిన న్యూట్రినోలను 1965లో మా గనిలో పట్టినారు. భూమి అంత మందం ఉన్నా అడ్డంలేకుండా దాటిపోయే కణాలవి. మా నెత్తిమీదుగా ఆగకుండా పోయినవాటిలో పట్టుబడినవి అవే కాబోలు.

విమానాల సంగతికి వద్దాం. మనవైపు టపా విమానం వచ్చింది 1932లో. ఆ అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయి దాకా టపా విమానం నడిపినాడు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకుపోయినాడు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ పెట్టినాడు, తర్వాత అదే హెచ్‌ఏఎల్. అక్కడి రన్‌వేనే చాలా ఏళ్ళు బెంగళూరు విమానాశ్రయం. మాకు అది తూర్పు పక్క, అంటే మా పక్క. మా వైపు నుంచి పోయేవాళ్ళు ఊళ్ళోకి పూర్తిగా దూరకుండానే అక్కడికి చేరేవాళ్ళు.

2008లో ఒక తమాషా జరిగింది. మార్చి 23న హైదరాబాద్ బేగంపేట మూసి శంషాబాద్ తెరిచినారు. మే 24న బెంగళూరు హెచ్‌ఏఎల్ మూసి దేవనహళ్ళి తెరిచినారు. రెండు ఊళ్ళ విమానాశ్రయాలూ రెండు నెలల్లో ఊరు దాటి బయటికి పోయినాయి. హైదరాబాద్‌లో మాకు దగ్గరి చుట్టాలున్నారు కాబట్టి ఈ లెక్క మాకు బాగా తెలుసు. రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా సుమారు 454 కిలోమీటర్లు. టికెట్టు మీద టైము గంటా పది, గంటా పదిహేను నిమిషాలు. ఇంతకు ముందూ దాదాపు అంతే, ఇప్పుడూ అంతే. అయితే ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా గడియారం పెట్టి చూడండి. కేజీఎఫ్ నుంచి దేవనహళ్ళికి రెండున్నర గంటలు, ముందుగా పోయి కూర్చునేది గంటన్నర, గాలిలో గంటా పావు, సామాను తీసుకుని బయటపడేది అరగంట, శంషాబాద్ నుంచి ఊళ్ళోకి గంట. మొత్తం ఆరు గంటల ముప్పావు. ఆకాశంలో ఉన్నది అందులో అయిదో వంతు కూడా కాదు. కాచిగూడ నుంచి యశ్వంతపురానికి 2023 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ రైలు ఎనిమిదిన్నర గంటల్లో పోతుంది. విమానం అంటే ఎగిరే సమయం అనుకునేవాళ్ళకు ఈ లెక్క నచ్చదు. చెన్నైకి అయితే మా ఊరివాళ్ళు విమానం మాటే ఎత్తరు. బంగారపేటలో రైలెక్కితే 292 కిలోమీటర్లు, నాలుగు నాలుగున్నర గంటల్లో చెన్నై సెంట్రల్.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసినారు. 1956లో మైసూరు ప్రభుత్వం, తర్వాత కేంద్రం తీసుకుని, 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ పేరుతో నడిపినారు. సుమారు 120 ఏళ్ళలో 800 టన్నుల బంగారం బయటికి పోయింది. సైనైడ్ దిబ్బలు మిగిలినాయి, గాలి లేస్తే ఆ బూడిద మా అన్నంలో పడుతుంది. 1964 నుంచి ఉన్న బీఈఎంఎల్ ఫ్యాక్టరీ అందరికీ పని ఇవ్వలేదు కదా. అప్పుడు జనం ఏం చేసినారంటే, బంగారం కోసం వేసిన పట్టాల మీద తామే ఎక్కినారు. 1894లో కడ్డీలు పోయిన దారిలో ఇప్పుడు మనుషులు పోతున్నారు. తెల్లారకముందు మారికుప్పంలో మొదలయ్యే బండ్లు, 'స్వర్ణ' అని పేరున్న ప్యాసింజరుతో సహా, చాంపియన్ రీఫ్, ఉరిగాం, కోరమాండల్ స్టేషన్లలో నింపుకుంటూ బంగారపేట చేరేసరికి కూర్చునేదానికి చోటుండదు. టైలర్లు, సెక్యూరిటీ గార్డులు, నర్సులు, బట్టల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, మావంటి కంప్యూటర్ పనివాళ్ళు. వైట్‌ఫీల్డ్‌లో సగం మంది దిగుతారు, కృష్ణరాజపురంలో ఇంకొంతమంది. 2023లో మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చినప్పటి నుంచి అక్కడ దిగేవాళ్ళు ఇంకా ఎక్కువైనారు. బోగీలో తమిళం, తెలుగు, కన్నడ కలిసి వినిపిస్తాయి. ఒక మూల పేకాట, ఒక మూల భజన, ఒక మూల నిలబడే నిద్ర.

పోను రాను రోజుకు అయిదు గంటలు అనుకోండి. వారానికి అయిదు రోజులు, ఏడాదికి 48 వారాలు. 1,200 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 50 రోజులు. ఏడాదిలో 50 రోజులు రైల్లో ఉండే మనిషిని ఏ ఊరివాడని అనాలి? మా ఇంట్లో ఇది సరదా ప్రశ్న కాదు. రెండేళ్ళుగా ఇదే పంచాయితీ. ఇల్లు అమ్మి బెంగళూరుకు పోదామని చిన్నవాళ్ళు. ఇక్కడ అద్దె లేదు, నీళ్ళ బావి ఉంది, సావు బతుకుల్లో పిలిస్తే పలికే మనుషులున్నారు అని పెద్దవాళ్ళు. ఇల్లు అమ్మితే వచ్చే డబ్బుతో వైట్‌ఫీల్డ్‌లో ఒక గది కూడా రాదని చిన్నాయన లెక్క వేసి చూపించినాడు. బెంగళూరులో ఉండి పనికి పోయినా సిటీ ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోతాయి కదా అని ఇంకో లెక్క. అంటే ఊరు వదిలితే మిగిలేది రెండు గంటలు. ఆ రెండు గంటల ఖరీదు ఎంత, దానికి ఏమేమి ఇచ్చుకోవాలి అనేదాని దగ్గర మాట ఆగిపోతుంది.

కొత్తగా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. హోసకోట నుంచి మాలూరు, బంగారపేట పక్కనుంచి బేతమంగళం దాకా కర్ణాటకలోని 71 కిలోమీటర్లు 2024 డిసెంబరులో బండ్లకు వదిలినారు. బుకానన్ పల్లకీలూ గుడారాలూ మోయించుకుని పోయిన బేతమంగళం నుంచి హోసకోటకు ఇప్పుడు కారులో గంట కూడా పట్టదు. చూసి సంతోషపడినాము. తర్వాత తెలిసింది, మోటార్‌సైకిళ్ళకు ఆ రోడ్డు మీద చోటులేదు. మా వీధిలో కార్లు మూడు, మోటార్‌సైకిళ్ళు నలభైకి పైన. మా పెద్దమ్మకొడుకు ఒకడు కారుండే నలుగురిని పోగుచేసి, పెట్రోలు పంచుకుని పోయే ఏర్పాటు చూస్తున్నాడు. లెక్క కుదిరితే రోజుకు గంటన్నర మిగులుతుంది. నెలకు రైలు పాస్‌కు అయ్యే డబ్బు మాత్రం పెట్రోలుకు రెండు రోజుల్లో అయిపోతుంది.

ఇల్లు సంగతి వచ్చే ఉగాదికి అందరూ చేరినప్పుడు మాట్లాడుకుందామని పెద్దవాళ్ళు అన్నారు. అంతలోపల మాకు ఒక సాయం కావాలి. పాత రైలు టికెట్లు, సీజన్ పాసులు, గని కేజ్ టోకెన్లు, తాతల కాలం ఉత్తరాల్లో 'ఫలానా బండికి బయలుదేరి ఫలానా పొద్దుకు చేరినాము' అని రాసిన వాక్యాలు, మీ ఇళ్ళల్లో ఏవి ఉన్నా ఫోటో తీసి పంపండి. పలమనేరు, పుంగనూరు వైపు ఉండేవాళ్ళు అటకల మీద ఒకసారి చూడండి. ఏ ఏడాది ఎంతసేపు పట్టిందో వరసగా రాసి పెట్టాలని మా కోరిక. 1950ల ముందరివి అయితే మరీ మేలు.